పాత ఓపీ చీటీకి నాలుగు మార్కులు

సంపాదకులు గారికి నమస్కారం.

వైకల్యం ఎంత శాతమో తేల్చి సర్టిఫికెట్ ఇచ్చే సదరం క్యాంపుల గురించి, వికలాంగుల పింఛన్ల తనిఖీ గురించి మీ పత్రికలో వార్తలు వస్తూనే ఉన్నాయి. దొంగ సర్టిఫికెట్లు, నోటీసులు, ఏ పార్టీ వాళ్లు ఏమన్నారో అంతా చదివాం. క్యాంపుకి వెళ్లేవాళ్లు ఏం పట్టుకెళ్లాలి, లోపల ఏం అడుగుతారు అన్నది మాత్రం నాకెక్కడా కనపడలేదు. ఒకసారి దెబ్బతిని తెలుసుకున్నాను కాబట్టి రాస్తున్నాను.

మా తమ్ముడికి నలభై ఒక్కేళ్లు. ఇరవయ్యేడో ఏట మనసు జబ్బు మొదలైంది. అమ్మ పోయినప్పటి నుంచీ నా దగ్గరే ఉంటున్నాడు. నేను బట్టలు కుడతాను. వాడికొచ్చే పింఛను 2024 జులై నుంచి 6,000 అయింది. ఒకటో తారీఖు పొద్దున్నే మా గ్రామ సచివాలయం వాళ్లు వచ్చి వాడి చేతికే ఇస్తారు. వాడు లెక్కపెట్టడు, తెచ్చి మిషను మీద పెట్టి వెళ్లిపోతాడు.

2025లో అందరినీ మళ్లీ పరీక్షకు రమ్మన్నారు. నాకేం అభ్యంతరం అనిపించలేదు. చెవుడని సర్టిఫికెట్ పెట్టుకుని అరుగు మీద గంటలకొద్దీ ఫోన్లు మాట్లాడేవాళ్లను మా ఊళ్లోనే చూశాను. ఏరెయ్యాల్సిందే. మావాడికి పద్నాలుగేళ్ల జబ్బు, మాకేం భయం అనుకున్నాను.

స్లాటు వచ్చిన రోజు తెల్లవారుజామునే లేపి తలంటు పోశాను. ముందురోజే మంగలిని ఇంటికి పిలిపించి గడ్డం గీయించాను. పెద్దాసుపత్రికి వెళ్తున్నాం, డాక్టరు గారి ముందు మురికిగా నిలబడితే ఇంటి ఆడదాన్ని నన్నంటారు కదా. ఇస్త్రీ చొక్కా వేశాను. అసలు తప్పు అక్కడే మొదలైందని అప్పుడు నాకు తెలియదు. తొమ్మిదింటికని రమ్మన్నారు, పేరు పిలిచేసరికి రెండయింది. తలుపు దగ్గర ఉన్నతను "పేషెంటు ఒక్కరే లోపలికి" అన్నాడు. నేను బయటే ఉండిపోయాను. తలుపు సగం తెరిచే ఉంది కాబట్టి మాటలు వినపడుతున్నాయి.

"స్నానం ఎవరు చేయిస్తారు?"

"నేనే చేస్తాను సార్."

"పనేమన్నా చేస్తావా?"

"గేదెల్ని తోలుకెళ్తాను సార్."

"ఇంట్లో వాళ్లతో గొడవలు?"

"లేవు సార్. బాగానే ఉన్నాను."

ఒక్క ముక్క అబద్ధం లేదు. స్నానం వాడే చేస్తాడు, నేను నాలుగుసార్లు అరిచి, నీళ్లు తోడి, తువ్వాలు చేతికిచ్చి, గడి పెట్టుకోకుండా చూస్తూ నిలబడితే. గేదెల్ని తోలుకెళ్లే మాటా నిజమే. సాయంత్రానికి గేదెలే వాణ్ణి ఇంటికి తోలుకొస్తాయి. అవి ముందు వచ్చేసిన రోజు మేం టార్చిలైటు పట్టుకుని కాలవగట్టు మీద వెతుకుతాం. గొడవలు లేకపోవడం ఏమిటంటే, ఇంటికెవరన్నా వస్తే వాడు వెనక గదిలోకి పోయి కూర్చుంటాడు. మనుషులే లేకపోతే గొడవెక్కడిది?

అయిదు నిమిషాల్లో బయటికొచ్చాడు. ఆ డాక్టరు గారిని నేననను. వరండా అంతా జనమే. ఒకరి తర్వాత ఒకరు, ఆయన మధ్యాహ్నం అన్నానికి కూడా లేచినట్టు లేదు. ఆగస్టులో నోటీసు వచ్చింది, వైకల్యం పింఛనుకి కావాల్సిన 40 శాతం కన్నా తక్కువ అని. మాలాగా వేలమందికి వచ్చాయి, అప్పీలు చేసుకోవచ్చన్నారు.

అప్పీలు పెట్టాక, వాడికి నెలనెలా మందులిచ్చే చోట సైకాలజిస్టుగా పనిచేసే అమ్మాయిని అడిగాను. ఆ అమ్మాయి ఒక చీటీ వెనక రాసి చూపించింది. మనసు జబ్బుకి పర్సంటేజీ కట్టడానికి ఐడియాస్ అని ఒక కొలత ఉందట. సొంత పనులు చేసుకోవడం, నలుగురితో మెలగడం, మాట్లాడటం-అర్థం చేసుకోవడం, సంపాదన పనో ఇంటి పనో చెయ్యడం, ఈ నాలుగింటికీ సున్నా నుంచి నాలుగు దాకా మార్కులు. అయిదోది జబ్బు వయసు. రెండేళ్ల లోపయితే ఒకటి, అయిదేళ్ల దాకా రెండు, పదేళ్ల దాకా మూడు, పది దాటితే నాలుగు. మొత్తం ఇరవై. ఏడు వస్తే 40 శాతం మెట్టు ఎక్కినట్టు. బడిలో పిల్లలకి ఎక్కువ మార్కులొస్తే సంతోషిస్తాం, ఇక్కడ ఎక్కువొస్తే జబ్బు ముదిరిందని అర్థం. ఇంకోమాట కూడా చెప్పింది. ఈ మార్కులు వెయ్యడానికి రోగి మాట ఒక్కటే చాలదు, చూసుకునే వాళ్లనీ అడగాలి, పాత కాగితాలూ చూడాలి అని.

నేను ఆ రోజు పట్టుకెళ్లింది ఏడాదిన్నర చీటీలు. చేతిసంచిలో ఏవుంటే అవే. పద్నాలుగేళ్ల జబ్బుకి నాలుగు మార్కులు రావాల్సిన చోట నా నిర్వాకం వల్ల ఒకటే వచ్చి ఉంటుంది. వచ్చి ఉంటుంది అని ఎందుకంటున్నానంటే, మాకు తెలిసింది పర్సంటేజీ ఒక్కటే. ఏ ప్రశ్నకి ఎంత వేశారో కాగితం మీద ఉండదు.

అటక మీద రేకుపెట్టె దించాం. అందులో అమ్మ దాచిన రేషను కార్డులు, కరెంటు బిల్లులు, మధ్యలో పసుపు అంటిన ఓపీ చీటీ ఒకటి. 2011 నాటిది. మడత దగ్గర చిరిగింది గానీ తేదీ, ఆసుపత్రి ముద్ర, మందుల పేర్లు కనపడుతున్నాయి. అమ్మకి చదువు రాదు. కాగితం పారేస్తే తప్పని మాత్రం తెలుసు. ఆ చీటీ నుంచి మొన్నటి చీటీ దాకా వరసగా పెట్టి జెరాక్సులు తీయించాను. ఆ అమ్మాయి చెప్పినట్టే తెల్లకాగితం మీద వాడి ఒక రోజు ఎలా గడుస్తుందో రాశాను. లేపితే లేస్తాడా, పళ్లెంలో పెట్టకపోతే అన్నం అడుగుతాడా, పోయిన ఏడాదిలో ఎన్నిసార్లు దారి తప్పాడు, ఎన్ని రోజులు నిద్రపోలేదు. మంచి రోజు గురించి కాదు, మామూలు రోజు గురించి రాయమంది. రాస్తుంటే చెయ్యి ఆగిపోయింది. సొంత తమ్ముడి గురించి ఇవన్నీ కాగితం మీద పెట్టడం చాడీలు చెప్పినట్టుంటుంది.

రెండోసారి వేరే డాక్టరమ్మ చూసింది. నన్ను లోపల కూర్చోబెట్టింది. నేను రాసిన పేజీ చదివి, "నీళ్లు నువ్వే తోడుకుంటావా?" అని అడిగింది. వాడు నా వంక చూశాడు. అంతే. ఈసారి 50 దాటింది, పింఛను నిలబడింది. రెండు పరీక్షలకీ మధ్య వాడి జబ్బు పెరగలేదు, తగ్గలేదు. అన్నీ వాడు మొదటిసారి చెప్పినవే. కాకపోతే ఈసారి నేను పక్కనున్నాను, అమ్మ దాచిన చీటీ చేతిలో ఉంది.

మిగతా వైకల్యాల సంగతి నాకంతగా తెలియదు గానీ, వరండాలో గంటలకొద్దీ కూర్చుంటే కొన్ని తెలుస్తాయి. చూపుని అద్దాలు పెట్టాకే కొలుస్తారు, అద్దాలు ఇంటి దగ్గర వదిలేసి వచ్చిన ముసలాయన్ని చూశాను. కాలికి 30, చెవికి 20 ఉంటే కలిపి 50 అనుకుంటాం. వాళ్ల లెక్కలో 43 వస్తుంది. ఆ 43కి పింఛను వస్తుంది, ఉత్త 30కి రాదు. మా వీధిలో ఒకాయన కాలికి మాత్రమే స్లాటు పెట్టించుకున్నాడు. చెవి సంగతి ఎవరూ అడగలేదని చెప్పలేదు. అడిగినా ఆయనకి వినపడదు, అది వేరే సంగతి.

2016 చట్టంలో 21 రకాల వైకల్యాలున్నాయి. ఒక్కోదానికి ఒక్కో పరీక్ష, కేంద్రం గెజెట్‌లో వేసిన కొలతలున్నాయి. ఇదేం రహస్యం కాదు. ఉన్నదల్లా ఇంగ్లీషులో ఉంది. స్లాటు మెసేజీలో తేదీ, టైము, ఆసుపత్రి పేరు వచ్చాయి. దాని కిందే నాలుగు తెలుగు లైన్లు వెయ్యలేరా? మీ పాత చీటీలన్నీ తెచ్చుకోండి, అద్దాలూ చెవి మిషనూ తెచ్చుకోండి, రోజూ చూసుకునే మనిషిని వెంటబెట్టుకు రండి, ఒకటికన్నా ఎక్కువ ఇబ్బందులుంటే అన్నీ చెప్పండి. ఇది చెబితే దొంగలు బాగుపడతారని మా సచివాలయంలో ఒకాయన అన్నాడు. పద్నాలుగేళ్ల ఓపీ చీటీలు దొంగ ఎక్కడినుంచి తెస్తాడండీ? దొంగకి కావాల్సిన తెలివితేటలు వాడికి ముందే ఉంటాయి. తెలియక నష్టపోయేది ఇస్త్రీ చొక్కా వేసుకుని "బాగానే ఉన్నాను సార్" అనేవాడే.

అధికారులను రెండే అడుగుతున్నాను. మనసు జబ్బుకీ బుద్ధిమాంద్యానికీ వచ్చినవాళ్లతో చూసుకునే మనిషిని కూడా లోపలికి రానివ్వాలి, అది డాక్టరు దయ మీద ఆధారపడకూడదు. పర్సంటేజీతో పాటు ఏ ప్రశ్నకి ఎంత వేశారో ఆ లెక్కా చేతికివ్వాలి. అది లేకుండా అప్పీలు చేసుకోమంటే దేని మీద చేసుకోవాలి?

పైన చెప్పిన నాలుగు లైన్లు చేరెయ్యడానికి కొత్తగా మనుషుల్ని పెట్టనక్కర్లేదు. ఒకటో తారీఖున మా ఇంటికి డబ్బులు తెచ్చే వెల్ఫేర్ అసిస్టెంటు అబ్బాయి చేతికి ఒక కాగితం ఇచ్చి చదివి వినిపించమంటే చాలు. సచివాలయం గోడకి నోటీసులు అంటించే బోర్డుంది. నోటీసు వచ్చినవాళ్ల పేర్లు దాని మీదే వేశారు. పక్కన ఇంకా అరపేజీ చోటుంది.

(నా పేరు వెయ్యొద్దు, మావాడు పేపరు చదువుతాడు.)

ఇట్లు,
ఒక పాఠకురాలు