పండగ సినిమాపై జనం మాటకూ చోటివ్వండి

సంపాదకులకు నమస్కారం.

2025 సంక్రాంతికి జనవరి 10న ‘గేమ్ ఛేంజర్’, 12న ‘డాకు మహారాజ్’, 14న ‘సంక్రాంతికి వస్తున్నాం’ వచ్చాయి. అయిదు రోజుల్లో మూడు పెద్ద సినిమాలు. మా ఇంట్లోనే మూడు అభిప్రాయాలు. వెంకటేశ్ కొడుకుగా వేసిన పిల్లాడు నోరు తెరిచినప్పుడల్లా మా అత్తయ్య నవ్వి నవ్వి కళ్లు తుడుచుకున్నారు. మా అబ్బాయికి బాలకృష్ణ సినిమాలో తమన్ నేపథ్య సంగీతమే నచ్చింది. శంకర్ సినిమాలో పాటల హంగు చూడాల్సిందేనంది మా ఆడపడుచు. అరిసెలు తింటూ వాదించుకున్నారే తప్ప ఒకరినొకరు ఒక్క మాట అనుకోలేదు.

హాలు బయట పరిస్థితి అలా లేదు. మొదటి ఆట వదలగానే మైకు ముందుకొస్తుంది, అయిదుకు ఎన్ని మార్కులో చెప్పమంటారు. నచ్చలేదన్నవాణ్ని అభిమానులు చుట్టుముట్టడం నేను కళ్లారా చూశాను. టికెట్ కొన్నవాడికి బాగోలేదని చెప్పే హక్కు లేదా?

మామూలు ప్రేక్షకుడి మాటకు చాలా బలముంది. 2024 జనవరి 12న ‘గుంటూరు కారం’తో పాటే వచ్చిన ‘హను-మాన్’కు హైదరాబాద్‌లో మొదట తక్కువ థియేటర్లే దొరికాయి. చూసినవాళ్లు పక్కవాళ్లకు చెప్పబట్టే ఆటలు పెరిగాయి.

పండగ తర్వాత వారం రోజులు మీ సినిమా పేజీలో అర కాలమ్ పాఠకులకు వదలండి. మార్కులు వద్దు. ఏ సన్నివేశం నచ్చిందో, ఎక్కడ విసుగొచ్చిందో రాస్తే చాలు. మా అత్తయ్య చేత మొదటి ఉత్తరం నేనే రాయిస్తాను.

— ఒక ప్రేక్షకురాలు, తెనాలి