ఐపీఏ ఇక లూజుగా అమ్మం

ఐపీఏ, అంటే శుభ్రం చేయడానికి వాడే ఐసోప్రొపైల్ ఆల్కహాల్, ఈ మధ్య మా కొట్లో దొరకలేదు. సరుకు రాక కాదు, వచ్చినదాన్ని తిప్పి పంపినందుకు.

డ్రమ్ముల మీద ఏఆర్ గ్రేడు, అంటే ల్యాబుల్లో వాడే స్వచ్ఛమైన రకం, అని లేబుల్. లోపల రికవరీ మాల్: మందుల ఫ్యాక్టరీలో ఒకసారి వాడేసి, మళ్లీ కాచి పట్టింది. రికవరీ అని చెప్పి అమ్మితే తప్పు లేదు, పనికొచ్చే చోట్లున్నాయి. కానీ నీళ్లు కలిసిన ఐపీఏని మామూలుగా ఎంత కాచినా బరువులో 88 శాతం దగ్గర ఆగిపోతుంది. అక్కడ నీళ్లూ ఐపీఏ కలిసే 80 డిగ్రీలకు ఆవిరవుతాయి. మిగతా నీరు లాగాలంటే వేరే ఏర్పాటు, వేరే ఖర్చు. డీలరు ఆ ఖర్చు లేని సరుకుకి ఏఆర్ బిల్లు వేశాడు.

20 డిగ్రీల దగ్గర సాంద్రత కొలిచే హైడ్రోమీటరు 0.785 చూపాలి, 0.81 దాటింది. ఒక వంతు ఐపీఏకి 19 వంతుల డిస్టిల్డ్ వాటర్ కలిపితే తేటగా ఉండాలి, పాలలా మారింది. నీళ్లలో కలవని టోలీన్ లాంటి ద్రావకమేదో మిగిలిందన్నమాట. మెథనాల్ కల్తీ ఉంటే మాత్రం హైడ్రోమీటరు పట్టుకోలేదు, మెథనాల్ సాంద్రతా 0.79. అందుకు సమానంగా నీళ్లు పోసి, ఇక కరగనంత ఉప్పు వేసి కుదపండి. ఐపీఏ విడిపోయి పైన పొర కడుతుంది, మెథనాల్ కట్టదు.

సెల్‌ఫోన్ బోర్డులు తుడవడానికి 99 శాతం పైనే కావాలి. నీళ్లుంటే చిప్పుల కింద నిలిచిపోతాయి, ఫ్లక్స్ (టంకం వేసేటప్పుడు వాడే జిగురు) తెల్లగా పేరుకుంటుంది. అలాగని ల్యాబు యంత్రాలకు వాడే హెచ్‌పీఎల్‌సీ గ్రేడు కొనకండి, డబ్బు దండగ. క్లినిక్కులకు 70 శాతమే సరైనది. నీళ్లు లేకపోతే ఆరిపోయేలోపు క్రిములు చావవు.

ఎటూ తేల్చుకోలేక నలిగింది లూజు అమ్మకం గురించే. సగం గిరాకీ అర లీటరు, లీటరు పోయించుకునేవాళ్లదే. కానీ డ్రమ్ము మూత తీసిన ప్రతిసారీ ఐపీఏ గాల్లో తేమ పీలుస్తుంది, వానాకాలంలో మరీను. పైగా "నీళ్లు కలుపుతున్నారు" అని మా మొహం మీదే అన్నవాళ్లున్నారు. లూజు సరుకులో ఆ నిందకు జవాబుగా చూపించడానికి ఏమీ ఉండదు. అందుకే ఇకనుంచి సీలు బాటిలే, బ్యాచ్ నంబరుతో, అనాలిసిస్ కాగితంతో. లీటరు రేటు పెరుగుతుంది, బేరం ఆడొద్దు.

పాత రేటుకే లూజు కావాలంటే తిప్పి పంపిన ఆ డ్రమ్ములు బజార్లోనే ఎక్కడో ఉంటాయి. వెళ్లేటప్పుడు ఉప్పు, డిస్టిల్డ్ వాటర్ వెంట పట్టుకెళ్లండి.