రిఫరెన్స్ పుస్తకం తెరవడం పిల్లలకు నేర్పాలి

సంపాదకుల వారికి,

నమస్కారం. బడుల్లో లైబ్రరీలు ఉండాలని, వాటికి మంచి పుస్తకాలు కొనాలని మీ పత్రికకు చాలామంది ఉత్తరాలు రాస్తుంటారు. వాళ్ల మాటతో నాకు పేచీ లేదు. కానీ పుస్తకాలు వచ్చి అరల్లో చేరాక ఏం జరుగుతుందో ఎవరూ పెద్దగా మాట్లాడరు. నేను పందొమ్మిదేళ్లు స్కూలు లైబ్రేరియన్‌గా పనిచేశాను. విజ్ఞాన సర్వస్వం ముందు నిలబడి, ఏ సంపుటం తియ్యాలో తెలియక, అడగడానికి మొహమాటపడి, కాసేపు అటూ ఇటూ చూసి వెళ్లిపోయే పిల్లలు ఆ పందొమ్మిదేళ్లూ నాకు రోజూ కనిపించారు.

కథల పుస్తకానికి ఈ ఇబ్బంది లేదు. అట్ట నచ్చితే తీసుకుంటారు, మొదటి పేజీ నుంచి మొదలుపెడతారు. రిఫరెన్స్ పుస్తకాన్ని మధ్యలోంచి తెరవాలి, కావలసిన పేరా చదివి మళ్లీ మూసెయ్యాలి. పక్కన కూర్చుని ఎవరో ఒకరు చూపిస్తే తప్ప ఆ అలవాటు రాదు.

తెలుగు నిఘంటువునే తీసుకోండి. అక్షరమాల గడగడా అప్పజెప్పే పిల్లలకు కూడా అందులో మాట దొరకదు. 'క్ష' అక్షరమాలలో చివర నేర్చుకుంటారు కాబట్టి 'క్షమ' కోసం పుస్తకం చివర వెతుకుతారు. అదేమో 'క' కింద, షవత్తు దగ్గర ఉంటుంది. పాఠంలో 'ఇంట్లో' అని ఉంటే నిఘంటువులో 'ఇల్లు' చూడాలి. 'కళ్లు' అని ఉంటే 'కన్ను' చూడాలి. ఏడో తరగతి అమ్మాయి ఒకరోజు, "ఈ డిక్షనరీలో అన్ని మాటలూ లేవు మేడమ్" అని పుస్తకం తిరిగి ఇచ్చేసింది. ఆ అమ్మాయి వెతికింది 'తెచ్చింది' అనే మాట. 'తెచ్చు' ఉన్న పేజీ తీసి చూపించాను. ఆ గంటంతా పాఠంలో ఉన్న క్రియలన్నిటినీ ఒక్కొక్కటిగా పట్టుకుంది, లేవమన్నా లేవలేదు. నేను చెప్పడానికి పట్టింది ఐదు నిమిషాలు. ఆ ఐదు నిమిషాలు అంతకుముందు ఎవరూ ఇవ్వలేదు.

ఇంకో సంగతి. పిల్లలు మొదట అడిగేది వాళ్లకు నిజంగా కావలసింది కాదు. "జంతువుల పుస్తకం ఉందా?" అంటారు. ఆ అర చూపించి పంపేస్తే పని కాదు. "జంతువుల గురించి ఏం తెలుసుకోవాలి?" అని నెమ్మదిగా అడిగితే, ఏనుగు పిల్లను ఎన్ని నెలలు కడుపులో మోస్తుందో కావాలని బయటపడుతుంది. జవాబు దాదాపు 22 నెలలు. అది పిల్లవాడు తనంతట తాను పట్టుకోవాలంటే విజ్ఞాన సర్వస్వం చివర ఉండే సూచిక, అంటే ఏ విషయం ఏ పేజీలో ఉందో చెప్పే అకారాది పట్టిక, చూడడం తెలియాలి. తిమింగలం గురించి కావలసిన విషయం 'క్షీరదాలు' వ్యాసంలో ఉండొచ్చు, ఆ దారి చెప్పేది సూచికే. అట్లాసులోనూ అంతే. సూచికలో ఊరి పేరు పక్కన పేజీ నంబరుతో పాటు, పటంలో ఏ గడిలో చూడాలో చెప్పే 'సి 4' లాంటి గుర్తు ఎందుకుందో తెలియని పిల్లలు పటమంతా వేలితో గాలిస్తూ కూర్చుంటారు.

అరల మీది నంబర్లు కూడా అలంకారంలా ఉండిపోతున్నాయి. అమెరికా లైబ్రేరియన్ మెల్విల్ డ్యూయీ 1876లో ప్రచురించిన, పుస్తకాలకు విషయాన్ని బట్టి నంబర్లు ఇచ్చే దశాంశ వర్గీకరణ ప్రకారం విజ్ఞాన శాస్త్రాలు 500ల్లో ఉంటాయి. పక్షులు 598, క్షీరదాలు 599. ఇవి బట్టీ పెట్టించక్కర్లేదు. ఒక నంబరు చీటీ మీద రాసిచ్చి, "వెళ్లి తీసుకురా" అంటే పిల్లలు పరుగెడతారు, అదే వాళ్లకు పాఠం.

పుస్తకం ఏ సంవత్సరంలో అచ్చయిందో చూడడం కూడా నేర్పాలి. గ్రహాలు తొమ్మిది అని రాసిన పుస్తకాలు ఇంకా చాలా లైబ్రరీల్లో ఉన్నాయి. 2006లో ప్లూటోను మరుగుజ్జు గ్రహాల్లో చేర్చారు. పాత పుస్తకం అబద్ధం చెప్పలేదు, అప్పటికి తెలిసింది చెప్పింది. ఈ తేడా పదేళ్ల పిల్లలకు కూడా చక్కగా అర్థమవుతుంది. ఇంటర్నెట్‌లో దొరికిన పేజీని ఎవరు రాశారు, ఎప్పుడు రాశారు అని అడిగే బుద్ధి ఇక్కడి నుంచే మొదలవుతుంది.

ఉపాధ్యాయులకు ఒక మనవి. ప్రాజెక్టు ఇచ్చేటప్పుడు ఒక్క మాట ముందుగా లైబ్రరీకి చెప్పండి. నలభై మందిని ఒకే రోజు 'నీరు' అనే అంశం మీద పంపిస్తే, ఉన్న రెండు పుస్తకాల కోసం తోపులాట జరుగుతుంది. టెన్షన్‌లో కనబడిన పేజీని ఉన్నదున్నట్టు ఎక్కించుకుని పోతారు. అంశానికి బదులు ప్రశ్న ఇవ్వండి. 'సముద్రపు నీరు ఉప్పగా ఎందుకుంటుంది?' అంటే వెతకడానికి ఒక దారి ఉంటుంది. చదివాక పుస్తకం మూసి, సొంత మాటల్లో మూడు వాక్యాలు రాయమనండి. కింద పుస్తకం పేరు, పేజీ నంబరు రాయించండి. ఆ రెండు వివరాలకు మార్కులు ఇవ్వండి.

ఖరీదైనవి, పాడవుతాయి అని రిఫరెన్స్ పుస్తకాల బీరువాకు తాళం వేసే బడులు ఉన్నాయి. ఇది చూస్తే నాకు నిజంగా బాధ కలుగుతుంది. మన దేశంలో గ్రంథాలయ శాస్త్రానికి పితామహుడు ఎస్.ఆర్. రంగనాథన్ గారు 1931లో లైబ్రరీల కోసం చెప్పిన ఐదు సూత్రాల్లో మొట్టమొదటిది పుస్తకాలు వాడకానికే అని. నలిగిన పేజీని అతికించుకోవచ్చు.

వచ్చే ఏడాది టైంటేబుల్ వేసేటప్పుడే ప్రతి తరగతికీ వారానికి ఒక లైబ్రరీ పీరియడ్ కేటాయించాలని, పరీక్షల ముందు దాన్ని లెక్కలకో సైన్సుకో ఇచ్చెయ్యకూడదని ప్రధానోపాధ్యాయులను కోరుతున్నాను. లైబ్రేరియన్ లేని బడిలో ఇష్టమున్న ఒక టీచరుకు ఆ బాధ్యత ఇచ్చి, అందుకు తగినట్టు మిగతా క్లాసులు తగ్గించాలి. ఆ పీరియడ్‌లో బీరువా తాళం తీసి ఉంచాలి.

భవదీయురాలు,
ఒక విశ్రాంత స్కూలు లైబ్రేరియన్