మా ఫ్యామిలీ మిషన్ ట్రిప్ సంగతి కూడా వేయండి

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన ఆదివారం జిల్లా పేజీలో ఒక ఫ్యామిలీ సెలవుల్లో ఫారిన్ వెళ్ళి అక్కడ అనాథ పిల్లలకి సేవ చేసొచ్చారని ఫొటోతో సహా వేశారు కదా, చూశాను. వాళ్ళని ఏమీ అనట్లేదండి, మంచి మనసుతోనే వెళ్ళుంటారు. రెండేళ్ల క్రితం మేమూ అలాగే చర్చి తరఫున సేవకి (మిషన్ ట్రిప్ అంటారు) వెళ్ళొచ్చాం, మా ఫొటో కూడా చర్చి నోటీసు బోర్డు మీద నెల రోజులుంది, మా అత్తగారు ఇప్పటికీ దాన్నే ఫోన్‌లో వాల్‌పేపర్‌గా పెట్టుకుని తిరుగుతున్నారు. ఆ ఫొటో వెనకాల సంగతి ఎవరికీ చెప్పలేదు, మీ పేపర్ చూశాక ఇంక ఆగలేక రాస్తున్నా.

నేను, మా ఆవిడ, బీటెక్ చదివే అబ్బాయి, ఇంటర్ అమ్మాయి, నలుగురం. మా సంఘంలో తెలిసినాయన ఒకరు నేపాల్‌లో పోఖరా దగ్గర పిల్లల హోమ్ ఉంది, వాలంటీర్లు కావాలంట అన్నారు. నేపాల్ అయితే మనకి వీసా గొడవ లేదు, రైల్లో పోవచ్చు, మన వంద రూపాయలు వాళ్ళ నూట అరవై, ఇంకేం కావాలి. విజయవాడలో రాప్తీసాగర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి గోరఖ్‌పూర్‌లో దిగి, బస్సులో సునౌలి పోయి, బోర్డర్ నడిచి దాటాం. రెండు అట్టపెట్టెల మందులు, ఒక పెట్టె నోటు పుస్తకాలు, ఆవకాయ జాడీ. (జాడీ గోరఖ్‌పూర్ స్టేషన్‌లోనే పగిలింది, ఆ వాసన పోఖరా దాకా మాతోనే వచ్చింది.) అక్కడ మతం మార్చడం నేరం, 2018 ఆగస్టు నుంచి ఉన్న చట్టంలో ఐదేళ్ల దాకా జైలు అని రాసుంది, కాబట్టి సువార్త జోలికి పోవద్దు, సేవ వరకే అని పాస్టర్ గారు ముందే గట్టిగా చెప్పి పంపారు. అది బాగానే పాటించాం.

తప్పు ఇంకో చోట జరిగింది. పిల్లల చదువులు పోకుండా దసరా సెలవులు చూసి టికెట్లు బుక్ చేశాం. అక్కడా దసరానే కదా అని నలుగురిలో ఒక్కళ్ళకి కూడా తట్టలా! వాళ్ళు దశైన్ అంటారు, పదిహేను రోజుల పండగ, సంక్రాంతికి మన హైదరాబాద్ ఖాళీ అయినట్టు ఖాట్మండు ఖాళీ అయిపోద్ది, అందరూ ఊళ్ళకి పోతారు. మేం ఇంగ్లీష్ చెబుదామనుకున్న స్కూలుకి తాళం. ఊళ్ళో హెల్త్ క్యాంప్ అనుకున్నాం, వచ్చేవాళ్ళు లేరు. మా ఆవిడ స్టాఫ్ నర్సు కాబట్టి తనొక్కతే పనికొచ్చింది, హోమ్‌లో సగం మంది పిల్లలకి గజ్జి ఉంటే అందరికీ ఒకే రోజు మందు పూయించి, దుప్పట్లు బట్టలు అన్నీ వేడినీళ్ళలో ఉడకబెట్టించింది. నేనూ మావాడూ గోడలకి రంగు వేశాం. గీకుతుంటే నీలం కింద పసుపు, పసుపు కింద ఆకుపచ్చ, మా ముందు ఎన్ని టీములొచ్చాయో ఆ గోడే చెప్పింది.

విజయదశమి నాడు అక్కడ పెద్దవాళ్ళు బియ్యం, పెరుగు, సిందూరం కలిపి పిల్లల నుదుటి మీద టీకా (బొట్టు) పెట్టి దీవిస్తారు. ఎంత దూరంలో ఉన్నా ఆ టైముకి ఇంటికి చేరాలని చూస్తారంట. ఆ రోజు మా అమ్మాయి పక్కన పదేళ్ల పిల్ల కూర్చుని రోడ్డు మీద పోయే బస్సులు లెక్కపెడుతోంది. టీవీ చూసి హిందీ నేర్చుకుందంట, బాగానే మాట్లాడేది. నీకెవరూ లేరా అని మా అమ్మాయి మెల్లిగా అడిగితే, అమ్మ ఉంది, గోర్ఖా జిల్లాలో, బస్సు దిగి కొండ ఎక్కాలి అంది. మరి పండక్కి ఎందుకు పోలేదు అంటే ఆ పిల్ల వింతగా చూసి "ఆప్ లోగ్ ఆనేవాలే థే నా" అంది.

మీరొస్తున్నారు కదా, అని.

తర్వాత ఒక్కొక్కళ్ళనీ అడిగాం. ఇరవై ఇద్దరిలో ఎవరూ లేనివాళ్ళు ముగ్గురు. మిగతా వాళ్ళందరికీ అమ్మో నాన్నో ఉన్నారు, కొందరికి ఇద్దరూ ఉన్నారు. పేదరికం వల్ల, చదువు చెప్పిస్తామంటే నమ్మి పంపారు. మేం కాళ్ళకి బలపం కట్టుకుని మూడు రోజులు ప్రయాణం చేసి వెళ్ళింది, ఆ పిల్లల్ని పండక్కి ఇంటికి పోకుండా ఆపడానికా అని ఆ రాత్రి మా ఆవిడ ఒకటే ఏడుపు. మేనేజర్‌ని అడిగితే ఆయన నవ్వి, గెస్టులొచ్చినప్పుడు పిల్లలు లేకపోతే ఎలాగండీ అన్నాడు.

ఇంటికొచ్చాక చదివితే ఇది మా ఒక్కళ్ళ కథ కాదని తెలిసింది. నేపాల్ హోముల్లో పిల్లల్లో ఎక్కువ మందికి తల్లో తండ్రో బతికే ఉన్నారని యునిసెఫ్ వాళ్ళు ఎప్పట్నుంచో చెబుతున్నారు. హోములు కూడా ఎక్కువ భాగం ఖాట్మండు లోయ, పోఖరా, చిత్వన్, అంటే టూరిస్టులు తిరిగే చోటే ఉన్నాయి. అనాథలు టూరిస్టు ప్లేసుల్లోనే పుడతారా చెప్పండి? 1996 నుంచి 2006 దాకా అక్కడ అంతర్యుద్ధం జరిగినప్పుడు హుమ్లా లాంటి మారుమూల కొండ జిల్లాల నుంచి పిల్లల్ని చదువు పేరు చెప్పి తెచ్చేవాళ్ళంట. ఆస్ట్రేలియాలో అయితే ఇలా హోముల కోసం పిల్లల్ని తేవడం కూడా ఒక రకం బానిసత్వమే అని ప్రభుత్వమే ఒప్పుకుంది.

మా గుంటూరోళ్ళకి మిషన్ అనే మాట కొత్తేం కాదు. అమెరికా నుంచి డాక్టరమ్మ కుగ్లర్ దొరసాని గారు 1883లో వచ్చారు, హాస్పిటల్ 1898లో తెరిచారు, మధ్యలో పదిహేనేళ్లు. 1930లో ఇక్కడే పోయారు. పక్కన ఒంగోల్లో 1876-78 ధాత కరువుకి అమెరికన్ మిషనరీ క్లౌ దొర బకింగ్‌హామ్ కాలవ మూడు మైళ్ల పైన కాంట్రాక్టు పట్టి జనానికి కూలి పని ఇప్పించాడు, కుటుంబాలు చెదిరిపోకుండా కూలి డబ్బులతో గంజి తాగారు. వాళ్ళ మతం సంగతి మీద ఎవరి అభిప్రాయం వాళ్ళది, నేను చెప్పేది ఉన్న టైము గురించి, చేసిన పని గురించి. మేం ఉన్నది తొమ్మిది రోజులు, అందులో రెండు రోజులు ఫేవా చెరువులో బోటింగు.

పోయినేడు దసరాకి ముందు ఆ హోమ్‌కి మెసేజ్ పెట్టాం, మేం రావట్లేదు, మా నలుగురి ప్రయాణం ఖర్చు లక్షన్నర అయింది కదా, ఆ డబ్బుతో పిల్లలందరినీ బస్సు చార్జీలిచ్చి ఇళ్ళకి పంపండి, తోడు ఒక మనిషిని పెట్టండి, అని. రెండు రోజులకి రిప్లై వచ్చింది. చార్జీలు వద్దండీ, ఫ్యామిలీతో మీరే మళ్ళీ రండి, గోడలకి రంగు కూడా పోయింది అని.

కాబట్టి ఎడిటర్ గారూ, ఇలాంటి వార్త ఈసారి వేసేటప్పుడు మీ విలేకరిని ఆ పిల్లల అమ్మానాన్నలు ఎక్కడున్నారో ఒక్క మాట అడిగి రాయమనండి, పిల్లల మొహాలు కనపడకుండా వేయండి. మొన్న మీరు వేసిన ఫొటోలో చివర నిలబడ్డ బాబు అసలు కెమెరా వైపు చూడట్లేదు, గేటు వైపు చూస్తున్నాడు.

ఇట్లు,
ఒక పాఠకుడు, గుంటూరు