డచ్చివాళ్ల కథలు మనకెందుకు పట్టవు?

సంపాదక మహాశయా,

వలస పాలన మీద నవల, సినిమా అనగానే మన చర్చంతా ఇంగ్లీషు దొరల దగ్గరే ఆగిపోతుంది. ఇండోనేషియాను ఏలిన డచ్చివాళ్ల ఊసే రాదు. ఇండోనేషియా రచయిత ప్రముద్య అనంత తూర్ బూరూ దీవిలో ఖైదీగా ఉంటూ, కాగితం అందని రోజుల్లో తోటి ఖైదీలకు నోటితోనే ఓ కథ చెప్పాడు. అదే 1980లో ‘బూమి మనుసియా’ నవలగా వచ్చింది. మరుసటి ఏడే ఇండోనేషియా సర్కారు దాన్ని నిషేధించింది. 2019లో సినిమా కూడా తీశారు. అందులో న్యాయి ఒంతోసోరో డచ్చి దొర ఉంచుకున్న జావా స్త్రీ. వ్యాపారమంతా తన చేతుల మీదుగా నడుపుతుంది. తీరా కన్నకూతురి మీద ఆమెకు హక్కే లేదంటుంది తెల్లవాళ్ల కోర్టు. ఆ ఘట్టం చదివాక రెండు రోజులు మరో పుస్తకం ముట్టలేకపోయాను.

అంతకుముందెప్పుడో 1860లోనే, జావాలో కొలువు వదిలేసిన డచ్చి అధికారి ముల్తతులి అనే మారుపేరుతో ‘మాక్స్ హవెలార్’ రాశాడు. సొంత సర్కారునే కడిగేశాడు!

మనకీ సంబంధం లేకపోలేదు. 1605కే డచ్చివాళ్లు మచిలీపట్నంలో దిగారు. భీమిలిలో వాళ్ల సమాధులు నేటికీ ఉన్నాయి. కోరమాండల్ తీరం నుంచి మనుషుల్ని బానిసలుగా ఓడలెక్కించి బటేవియాకు (నేటి జకార్తా) తరలించారు. వాళ్ల గురించి తెలుగు నవల ఒక్కటీ నా కంటపడలేదు. కనీసం పై పుస్తకాలనైనా మీ ఆదివారం అనుబంధంలో పరిచయం చేయించండి.

– ఒక పాఠకుడు, విశాఖపట్నం