సశేషం పెట్టేముందు సమాప్తం రాసుకోండి

సంపాదకులకు నమస్కారం.

వేసవి సెలవులు వచ్చాయంటే ఆన్‌లైన్‌లో ఫ్యాన్‌ఫిక్షన్ సీరియళ్లు జోరందుకుంటాయి. సినిమా పాత్రలు, టీవీ సీరియల్ జంటలు, పాత నవలల నాయికలు, ఎవరు నచ్చితే వారి కథను అభిమానులు ముందుకు నడిపిస్తున్నారు. సంతోషమే. భారత రామాయణాలను ఎవరికి తోచినట్టు వారు మళ్లీ చెప్పుకున్న భాష మనది. బాధల్లా, వాటిలో చాలా సీరియళ్లు నాలుగో భాగం దగ్గరో అయిదో భాగం దగ్గరో ‘సశేషం’ అని ఆగిపోయి మళ్లీ కదలకపోవడమే. ‘రాసింది రాసినట్టు పెట్టేయండి, మిగతాది అదే వస్తుంది’ అని కొత్తవాళ్లకు ఇచ్చే సలహా ఇందుకు చాలావరకు కారణం. మీరైనా చేతిలో కొన్ని వారాల మ్యాటర్ లేకుండా పత్రికలో సీరియల్ ప్రకటించరు కదా!

లెక్క వేసి చూద్దాం. చదువో ఉద్యోగమో ఉన్నవాళ్లు పన్నెండు వందల మాటల భాగం ఒకటి రాసి, దిద్దుకోవడానికి పది రోజులు పడుతుందనుకుందాం. వారానికో భాగం అని పాఠకులకు మాట ఇచ్చారు. రెండు భాగాలు చేతిలో పెట్టుకుని దిగితే, మొదటిది పెట్టిన నాటి నుంచి 28వ రోజున అయిదో భాగం రావాలి. అది పూర్తయ్యేది 30వ రోజుకి. తొలి వాయిదా అక్కడే. ఆపైన ప్రతి భాగానికీ ఇంకో మూడు రోజులు వెనకబడతారు. అదే అయిదు భాగాల నిల్వతో మొదలుపెడితే, 77వ రోజున పెట్టాల్సిన పన్నెండోది 70వ రోజుకే తయారు. జ్వరానికో పరీక్షకో వారం మిగులుతుంది. సీరియల్ పదిహేను భాగాలకు సాగితే ఆ అయిదూ చాలవు. అందుకే మొదటి ప్రయత్నానికి పన్నెండు దాటొద్దంటాను.

ఇక కథ. మూలంలో ఖాళీ ఎక్కడుందో పట్టుకోవడమే అసలు పని. కన్యాశుల్కాన్నే తీసుకుందాం. కథ అడ్డంగా తిరిగిందని గిరీశం వాపోవడంతో నాటకం ముగుస్తుంది. అతను పెళ్లాడాలనుకున్న వితంతువు బుచ్చమ్మను పూనాలోని విడోస్ హోముకు పంపాలని సౌజన్యారావు పంతులు అప్పటికే తేల్చేశాడు. వెళ్లాక ఆమె ఏమైంది? పన్నెండు భాగాలకు సరిపడే సరుకు ఆ ఒక్క ప్రశ్నలో ఉంది. ‘గిరీశం ఇప్పుడుంటే సెల్‌ఫోన్‌తో ఏం చేసేవాడు’ అన్నది మాత్రం రెండు భాగాలకే పలచబడుతుంది. దాన్ని చిన్న కథగా రాసేసి వదిలెయ్యడం నయం.

ఒక కాగితం మీద 1 నుంచి 12 దాకా అంకెలు వేసి, ఒక్కోదాని పక్కన ఆ భాగం చివరికి ఏం మారిందో ఒక్క వాక్యంలో రాయాలి. ‘బుచ్చమ్మ దిగులుపడింది’ అంటే మార్పు ఏమీ లేదు, ఆ భాగాన్ని పక్కదాంట్లో కలిపెయ్యాలి. ‘గిరీశం రాసిన ఉత్తరాన్ని బుచ్చమ్మ విప్పకుండానే తిప్పి పంపింది’, ఇది మార్పు. ఆ తర్వాత ముందుగా రాయాల్సింది పన్నెండో భాగం. గిరీశాన్ని ఆమె ఒప్పుకుంటుందో లేదో తేల్చుకోకుండా దిగిన రచయితను ఏడో భాగానికల్లా పాఠకులే లాక్కుపోతారు.

కాగితం పక్కనే ఒక చిట్టా ఉండాలి: పేర్లు, వయసులు, వావివరసలు, ముఖ్యంగా ఎవరు ఎవరిని ఏమని పిలుస్తారో. తెలుగులో ఇది ప్రాణం. మూడో భాగంలో ‘నువ్వు’ అన్న మనిషి ఏడో భాగంలో ‘మీరు’ అంటే, మధ్యలో ఇద్దరికీ ఏదో చెడిందని పాఠకుడు అనుకుంటాడు. ఏమీ లేదని, రచయిత మరిచిపోయాడని తెలిశాక ఇక ఏ మాటనూ నమ్మడు. డబ్బు దగ్గరా ఇలాంటి జారుళ్లే. ఆ కాలపు పాత్ర చేత ‘రెండు రూపాయల యాభై పైసలు’ అనిపిస్తారు. అప్పుడు రూపాయికి పదహారణాలు. నూరు పైసల రూపాయి వచ్చింది 1957 ఏప్రిల్‌లో. ‘రెండు రూపాయల ఎనిమిదణాలు’ అనాలి, లేదా ‘రెండున్నర’ అంటే ఏ గొడవా లేదు.

పాత వారపత్రికల ‘జరిగిన కథ’ను మాత్రం వదలొద్దు. మూడు వాక్యాలు చాలు. దాన్ని కథలో కలపకుండా, భాగం మీద విడిగా గమనికలా పెట్టాలి. అన్నీ పూర్తయ్యాక ఏకబిగిన చదివేవాళ్లకు అది అడుగడుగునా అడ్డం పడకూడదు.

పెట్టడంలో చిక్కులు వేరు. డీటీపీ వాళ్ల దగ్గర అను ఫాంట్లలో కొట్టించిన మ్యాటర్‌ను నేరుగా అతికిస్తే తెరమీద పిచ్చిగీతలే వస్తాయి. యూనికోడ్‌లోకి, అంటే అన్ని తెరల మీదా చదవగలిగే పద్ధతిలోకి మార్చుకోవాలి, మార్చాక ఒత్తులన్నీ మళ్లీ చూసుకోవాలి. 2009 నుంచి నడుస్తున్న ఫ్యాన్‌ఫిక్షన్ సైటు ఆర్కైవ్ ఆఫ్ అవర్ ఓన్‌లో కథా పరిచయానికి 1,250 క్యారెక్టర్ల హద్దు ఉంది. చాలా ఉందనిపిస్తుంది గానీ, మన ‘స్త్రీ’ కంటికి ఒక్క అక్షరమైనా కంప్యూటర్ లెక్కలో ఆరు. మొదటి భాగాన్ని అక్కడ డ్రాఫ్టుగా దాచి మరిచిపోతే నెల తిరిగేసరికి దానంతటదే చెరిగిపోతుంది. కాబట్టి అసలు ప్రతి ఎప్పుడూ మన దగ్గరే ఉండాలి. భాగాల సంఖ్య దగ్గర ‘1/?’ అని వదిలెయ్యకుండా ‘1/12’ అని పెడితే, ఇది ఒడ్డు చేరే కథేనని చదివేవాళ్లకు ధైర్యం. హింస, ముఖ్యపాత్ర మరణం లాంటివి ఉంటే హెచ్చరిక మొదటి భాగానికే తగిలించాలి. పదకొండో భాగంలో చావు రాబోతోందని కాగితం మీద ఉన్నవాళ్లకే అది సాధ్యం.

చట్టం సంగతి. మన దేశంలో రచయిత పోయాక అరవై ఏళ్ల వరకు కాపీరైట్ ఉంటుంది, ఆ లెక్క మరుసటి జనవరి నుంచి మొదలవుతుంది. గురజాడ పోయింది 1915లో కాబట్టి గిరీశం మీద ఎవరి హక్కూ లేదు. 1979లో పోయిన చలం పాత్రలకు 2039 చివరి దాకా ఉంది. హక్కులున్న కథల మీద రాసేవాళ్లు కనీసం భాగాలను డబ్బుకు అమ్మకూడదు. ఆర్కైవ్ ఆఫ్ అవర్ ఓన్ అయితే విరాళాల లింకు కూడా పెట్టనివ్వదు. ‘పాత్రలు నావి కావు’ అని పైన ఒక ముక్క రాయడం మర్యాదే, అయితే అదేమీ అనుమతి పత్రం కాదు. పాత్రలను వదిలి నిజం నటుల మీద, వాళ్ల ఇంట్లో పిల్లల మీద ప్రేమకథలు అల్లడం ఫ్యాన్‌ఫిక్షన్ కిందికి వస్తుందని ఎవరన్నా నేను ఒప్పుకోను.

నిల్వ ఒక్క భాగానికి పడిపోతే పక్షానికొకటి అని మార్చుకుని, ఆ మాట భాగం చివర రాసెయ్యాలి. ఇక బొత్తిగా రాయలేమని తేలితే, ఆ కాగితం మీద మిగిలిన వాక్యాలనే చివరి భాగంగా పెట్టి ‘సమాప్తం’ అనెయ్యండి. ఇన్ని వారాలు ఎదురుచూసినవాళ్లకు బుచ్చమ్మ ఏమైందో అన్నా తెలుస్తుంది.

ఇట్లు,
సీరియళ్ల పాఠకురాలు,
విజయనగరం