నూటికి ఎంత పడుతుందో కౌంటర్ దగ్గరే చెప్పించండి

కేంద్ర ఆర్థిక మంత్రి గారికి,

నమస్కారం.

ఫిక్స్‌డ్ డిపాజిట్ గడువు తీరి బ్యాంకుకు వెళ్లిన రిటైర్డ్ ఉద్యోగికి తెలుగు రాష్ట్రాల్లో తరచూ వినిపించే మాట ఇది: "ఎఫ్‌డీలో ఏముంది సార్, ఏడాదికి లక్ష చొప్పున పదేళ్లు కట్టండి, ఇరవయ్యేళ్లకు ఇరవై లక్షలు. డబ్బు రెట్టింపు, బీమా ఉచితం." సంతకం పెట్టించేది పొదుపు, జీవిత బీమా కలిపి ఉండే ఎండోమెంట్ పాలసీ మీద. పెట్టినవారేమో ఎఫ్‌డీయే మార్చుకున్నామనుకుంటారు.

ఆ రెట్టింపును విప్పి చూడండి. ఎక్సెల్‌లో ఒకే నిలువు వరుసలో పది గళ్లలో మైనస్ లక్ష, తర్వాతి పది గళ్లలో సున్నా, ఇరవై ఒకటో గడిలో ఇరవై లక్షలు వేసి ఐఆర్ఆర్ (కట్టిన సొమ్ముకు ఏడాదికి పడే వడ్డీ శాతం) ఫార్ములా కొడితే వచ్చేది 4.5 శాతం. మన ఊళ్ల లెక్కలో నెలకు నూటికి నలభై పైసలు కూడా పడదు. రూపాయిన్నర, రెండు రూపాయల వడ్డీని నోటిలెక్కగా కట్టేసే మనిషి ఇక్కడ ఎందుకు దెబ్బ తింటున్నాడంటే, వడ్డీ చెప్పకుండా చివర్లో వచ్చే మొత్తం ఒక్కటే చెబుతున్నారు గనక. అదే లక్షను పదేళ్లు ప్రభుత్వ పొదుపు ఖాతా పీపీఎఫ్‌లో వేసి, ఆపైన ఖాతా ఆగిపోకుండా ఏటా 500 కడుతూ, పదిహేనేళ్లు నిండాక మరో ఐదేళ్లు పొడిగించుకుంటే, ఇప్పటి 7.1 శాతమే కొనసాగినా దాదాపు 29.5 లక్షలవుతుంది. ఉచితమన్న బీమా ఖరీదు, కమీషన్లు ఆ తొమ్మిదిన్నర లక్షల తేడాలోనే ఉన్నాయి.

కంపెనీ లాభాన్ని బట్టి బోనస్ కలిపే పాలసీలకు ఇచ్చే లెక్కల కాగితంలో 4, 8 శాతం అని రెండు వరుసలుంటాయి. అవి కంపెనీ పెట్టుబడి మీద ఊహించిన రాబడులు. ఖర్చులు పోగా కట్టినవారి చేతికి వచ్చేది అంతకన్నా తక్కువ. ఆ 8 మీద వేలు పెట్టి "మీ వడ్డీ ఇదే" అని చెబితే కాదనగలిగేవారు కౌంటర్ ఇవతల ఎందరుంటారు?

పాలసీ పత్రం అందాక 30 రోజుల్లో వద్దనుకుంటే వెనక్కి ఇచ్చేయొచ్చు. స్టాంపు డ్యూటీ, వైద్య పరీక్షల ఖర్చు, ఆ కొద్ది రోజుల బీమా ఖరీదు పోను మిగతాది తిరిగొస్తుంది. మంచి నిబంధనే. కానీ పత్రం ఎప్పుడూ తెరవని ఈమెయిల్‌కు వెళితే, గడువు సంగతి రెండో ఏడాది ప్రీమియం నోటీసు వచ్చాక గానీ తెలియదు. అప్పుడు ఆపేస్తే చాలా భాగం పోతుంది. 2024 అక్టోబరు నుంచి ఏడాది ప్రీమియం కట్టినా సరెండర్ విలువ (మధ్యలో ఆపితే తిరిగిచ్చే సొమ్ము) ఇస్తున్నారు గానీ, అది కట్టిన సొమ్ముకు చాలా దూరం.

బ్యాంకుల్లో బీమా అంటగట్టడం గురించి 2024 నవంబరులో మీరే గట్టిగా మాట్లాడారు. అందుకే అడుగుతున్నాం. దరఖాస్తు మొదటి పేజీలో, సంతకం గడికి పైన, పెద్ద అక్షరాల తెలుగులో ఒక్క వాక్యం వేయించండి: "ఇది డిపాజిట్ కాదు. చివరిదాకా కడితే మీకు పడే వడ్డీ ఏడాదికి ఇంత, నెలకు నూటికి ఇన్ని పైసలు." కంపెనీ నుంచి వచ్చే ధ్రువీకరణ ఫోన్ కూడా అమ్మిన మనిషి పక్కనుండి "అన్నిటికీ ఎస్ అనండి" అనే వేళకు రాకూడదు. మర్నాడు, తెలుగులో రావాలి. మొదటి ప్రశ్న "ఎన్నేళ్లు కట్టాలో మీరే చెప్పండి" అని ఉండాలి. జవాబు తప్పితే ఆ పాలసీ అక్కడే ఆపి, డబ్బు అదే ఖాతాలో తిరిగి వేయించండి.

ఇట్లు,
తెలుగు పొదుపరుల తరఫున